అవ్వ పక్కన కూచుని సినిమా చెప్పడం

జఫర్‌గఢ్‌లో మా ఇంటి టీవీ ముందు ఎవరి జాగా వాళ్లకు ఖాయం. అవ్వ, అంటే మా అమ్మ, గోడకు ఒరిగి, కాళ్లు చాపుకుని కూచుంటుంది. నేను ఆమె కుడి చెవి పక్కన కూచుంటాను. ఎడమ చెవి సాంచల, అంటే మరమగ్గాల, మోతకు ఎప్పుడో పోయింది. 22 ఏళ్లు మహారాష్ట్రలోని భీమండిలో, రాత్రీ పగలూ సాంచలు ఆడే గల్లీలో బతికిన మనిషి. అందుకని ఏం చెప్పినా ఆ కుడి చెవిలోనే చెప్పాలి. టీవీ కంటే కొంచెం పెద్దగా, పక్కింటికి వినబడనంత చిన్నగా. ఆ కొలత కుదరడానికే నాకు చాలా రోజులు పట్టింది.

అవ్వకు అక్షరాలు రావు. తెలుగు సినిమా ఏదొచ్చినా చూస్తుంది. హిందీ భీమండి నేర్పింది. ఆ రెండూ దాటిన భాషయితే నేను కావాలి. తెర అడుగున పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలను అందుకుని తెలుగు చేసి ఆమె చెవిన వేస్తాను. ఇరాన్ సినిమా ‘చిల్డ్రన్ ఆఫ్ హెవెన్’తో ఇది మొదలైంది. ఒక్క జత బూట్లను అన్నాచెల్లెళ్లు మార్చుకుంటూ బడికి పోయే కథ. చెప్పాల్సింది తక్కువ, చూడాల్సింది ఎక్కువ. దాంతో నాకు ధైర్యం వచ్చింది. ఆ తర్వాత చెప్పినవాటిలో నన్ను అన్నిటికన్నా కష్టపెట్టిందీ, ఈ పనిని నాకు నేర్పిందీ ‘మినారి’.

2020లో వచ్చిన సినిమా అది. తీసిన లీ ఐజాక్ చంగ్ అమెరికాలోనే పుట్టిన కొరియా వాళ్ల బిడ్డ, ఆర్కాన్సా రాష్ట్రపు పల్లెలో పెరిగాడు. చిన్ననాటి జ్ఞాపకాలు 80 దాకా కాగితం మీద రాసుకుని, వాటిలోంచి కథ అల్లాడు. 1980లలో ఒక కొరియా కుటుంబం కాలిఫోర్నియా నుంచి ఆర్కాన్సాకు వస్తుంది. భర్త జేకబ్ యాభై ఎకరాల మీద కొరియా కూరగాయలు పండించి, అమెరికాలో ఉన్న కొరియా వాళ్లకు అమ్మాలనుకుంటాడు. భార్య మోనికా చూసేసరికి ఇల్లంటే చక్రాల మీద నిలబెట్టిన రేకుల డబ్బా. ఇద్దరు పిల్లలు, ఆన్, డేవిడ్. చిన్నవాడికి గుండెలో చిల్లు. ఆస్పత్రేమో గంట ప్రయాణం. పిల్లల్ని చూసుకోవడానికి మోనికా తల్లి కొరియా నుంచి దిగుతుంది.

ఇంతవరకు చెప్పడం కష్టమేం కాలేదు. చిక్కు భాష దగ్గర వచ్చింది.

ఆ సినిమాలో కొరియన్ మాటలకే అడుగున అక్షరాలు వస్తాయి. పిల్లలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటే ఏమీ రావు, అమెరికా ప్రేక్షకునికి అక్కర్లేదు గనుక. నేను మొదటి పది నిమిషాలు రెండింటినీ ఒకే తెలుగులో చెప్పుకుంటూ పోయాను. అవ్వ నా మోకాలి మీద తట్టింది.

“పోరలు తల్లితోటి ఒక తీరు మాట్లాడుతున్నరు, వాళ్లల్ల వాళ్లు ఒక తీరు మాట్లాడుతున్నరు. నువ్వేమో అంతా ఒక్క తీర్గ చెప్తున్నవ్.”

ఆమెకు ఆ రెండు భాషల్లో ఒక్క ముక్క కూడా రాదు. ఉన్న ఒక్క చెవితో చప్పుడులోని తేడా పట్టుకుంది. ఇంగ్లీషు తెలిసిన నాకు, రెండింటినీ విడదీసి చెప్పాలన్న ఆలోచనే తట్టలేదు. నేను సినిమా ఆపి చెప్పాను: ఒకటి వాళ్ల దేశం భాష, రెండోది ఇంగ్లీషు, పిల్లలు బడిలో నేర్చుకున్నది అని. “భీమండిల మీ అక్క, నువ్వు హిందీల కొట్లాడుకున్నట్టు” అన్నది అవ్వ.

అక్కడి నుంచి దారి దొరికింది. కొరియన్‌లో ఎవరు మాట్లాడినా మా ఊరి తెలుగులో చెప్పాను. ఇంగ్లీషు వచ్చినప్పుడల్లా భీమండి హిందీలో చెప్పాను. చర్చిలో ఒక తెల్ల పిల్లవాడు డేవిడ్‌ను, నీ ముఖం ఎందుకిట్లా చప్పిడిగా ఉందని అడుగుతాడు. “తేరా మూహ్ ఐసా చప్టా క్యూఁ హై?” అన్నాను అవ్వ చెవిలో. ఆమె ముఖం మారింది. తెలుగులో చెబితే అది సినిమాలోని మాటగానే ఉండేది. హిందీలో చెప్పేసరికి మా గల్లీ మూల కిరాణం కొట్టు ముందర నిలబడి విన్నట్టయింది. మా మాటను, డబ్బాలో రాళ్లు పోసి ఊపినట్టుంది అని నవ్వేవాళ్లు అక్కడి పిల్లలు. నేను ఇంటికొచ్చి తల్లితో తెలుగులో మాట్లాడనని మొండికేసిన రోజులున్నాయి. అవ్వకు అవి గుర్తున్నాయని ఆ సాయంత్రం తెలిసింది.

అదే చర్చిలో ఒక అమ్మాయి ఆన్ ముందు నోటికొచ్చిన శబ్దాలు పలుకుతూ, మీ భాషలో మాట ఏదన్నా తగిలితే ఆపు అంటుంది. నిజంగానే ఒకటి తగులుతుంది. కోమో. ఆన్ దానికి ఇంగ్లీషులో ఆంట్ అని అర్థం చెబుతుంది. ఇంగ్లీషులో అంతకంటే చెప్పలేదు. కానీ కొరియన్‌లో కోమో అంటే నాయిన అక్కో చెల్లెలో, అంటే మేనత్త. తెలుగులోకి రాగానే ఆ మాట తన ఇంటికి తాను చేరుకుంది. ఈ పని చేసేకొద్దీ నాకు తెలిసి వచ్చిందిదే. కొరియాకూ మాకూ మధ్య ఇంగ్లీషు ఒక ఇరుకు సందు. అటువైపు అత్తలు, పిన్నులు, మామలు వేరువేరుగా ఉన్నారు, ఇటువైపూ ఉన్నారు. సందులోంచి వచ్చేటప్పుడు అందరూ ఒక్కటే అయి వస్తారు. ఇటు దాటాక వాళ్లను మళ్లీ ఎవరి వరసలో వాళ్లను నిలబెట్టడమే చెప్పేవాడి పని. కింద గ్రాండ్‌మా అని పడగానే అవ్వ అడిగింది, “అమ్మమ్మనా, నాయినమ్మనా?” అని. మా ఇంట్లో ఏ కథయినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా అడుగు ముందుకు పడదు.

పేర్లు కూడా అంతే. జేకబ్, మోనికా అంటుంటే అవ్వకు నిలవలేదు. పోరని నాయిన, పోరని అవ్వ అని మార్చాను. తర్వాత తెలిసింది, కొరియా ఇళ్లలో ఆలుమగలు ఒకరినొకరు బిడ్డ పేరుతోనే, ఫలానా వాళ్ల అమ్మ, ఫలానా వాళ్ల నాన్న అని పిలుచుకుంటారట. మా అవ్వ నాయినను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఇంకొకటి నేను చెప్పక ముందే ఆమె పట్టుకుంది. డేవిడ్ నోట ఒమ్మా, అప్పా అన్న మాటలు విని నా వైపు తిరిగి, “అమ్మా అన్నడు గదా?” అన్నది. అవును, అమ్మనే పిలిచాడు. కొరియన్‌లో అమ్మను ఒమ్మా అంటారు, నాన్నను అప్పా అంటారు. అట్లా ఎందుకయిందో పండితులు చూసుకుంటారు. మా గోడ దగ్గర మాత్రం ఆ క్షణం నుంచి ఆ పిల్లలు పరాయివాళ్లు కాలేదు.

డబ్బింగ్ చేస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. డబ్బింగ్‌లో ఆ ఇంట్లో అందరూ ఒకే తెలుగు మాట్లాడతారు. తల్లి ఒక భాషలో తిడితే బిడ్డ ఇంకో భాషలో జవాబివ్వడం, ఆ రెండింటి మధ్య పడ్డ బీట మొత్తం పూడిపోతుంది. వలసపోయిన ఇంటి కథకు ఆ బీటే ప్రాణం. 2021లో గోల్డెన్ గ్లోబ్ వాళ్లు ఈ అమెరికా సినిమాను విదేశీ భాషా చిత్రాల వరసలో కూచోబెట్టి బహుమతి ఇచ్చారు. సగం మాటలన్నా ఇంగ్లీషులో లేకపోతే ఉత్తమ చిత్రం పోటీకి రానివ్వని నిబంధన అప్పట్లో ఉండేది. అమెరికాలో, అమెరికా డబ్బుతో, అమెరికా వాడు తీసిన సినిమా విదేశీ ఎట్లా అవుతుందని చాలామంది కోప్పడ్డారు. నాకూ ఆ కోపం న్యాయమే అనిపించింది. భీమండిలో పుట్టి అక్కడే చచ్చిపోయిన మావాళ్లను కూడా కడదాకా బయటివాళ్లుగానే చూశారు.

చంగ్ స్క్రిప్టును ఇంగ్లీషులో రాశాడు. దాన్ని కొరియన్‌లోకి మార్చాక, షూటింగ్ జరిగిన టల్సా ఊళ్లో అమ్మమ్మ వేషం వేసిన యూన్ యో-జంగ్, మోనికా వేసిన హాన్ యె-రి ఒకే ఇంట్లో ఉన్నారు. మిగతావాళ్లు అక్కడికే వచ్చి అన్నం తింటూ, మరుసటి రోజు మాటలు నోటికి ఎట్లా వస్తాయో చూసి సరిచేసుకునేవాళ్లు. షూటింగ్ మొత్తం 25 రోజులు. అన్నం తినే చోట మాట సరవుతుందని వాళ్లకు తెలిసింది. యూన్ యో-జంగ్ కూడా 1970లలో పెళ్లయి అమెరికా పోయి, ఫ్లోరిడాలో బిడ్డల్ని పెంచి, తిరిగి వచ్చి మళ్లీ మొదటి నుంచి నటన మొదలుపెట్టిన మనిషి. 2021లో ఈ వేషానికే ఆస్కార్ అందుకుంది. నటనకు ఆస్కార్ పొందిన మొదటి కొరియా మనిషి ఆమెనే.

ఆమె తెర మీదికి వచ్చీ రాగానే సంచి విప్పుతుంది. కొరియా నుంచి మోసుకొచ్చిన మిరపకారం, ఎండు చేపలు తీసి కూతురి ముందు పెడుతుంది. మోనికాకు ఏడుపొస్తుంది. నేను చెబుతున్నాను, “కారం తెచ్చిందవ్వా, అక్కడ దొరకదు గదా...” అవ్వ నా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టింది. “ఊకో. నన్ను జూడనియ్యి.”

మా నాయినమ్మ ఏడాదికొకసారి కల్యాణ్‌లో రైలు దిగి భీమండి వచ్చేది. పాత చీర ముక్కతో మూతి కట్టిన మామిడికాయ తొక్కు జాడీ, చింతపండు, పచ్చజొన్నల పిండి, దారిలో విరిగి ముక్కలైన సకినాలు. మేమున్న ఖోలి నిండా ఊరి వాసన నిండేది. అవ్వ సంచిలోని ప్రతిదాన్నీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత డబ్బాలో సర్దేది. నేను చిన్నవాణ్ని, సకినాల కోసం ఎదురుచూసేవాణ్ని. వాసన చూడటం ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఆ సంచి దృశ్యం నుంచి నేను తక్కువ మాట్లాడటం నేర్చుకున్నాను. కథ తెలిసినవాడికి నోరు ఆగదు. అడుగున అక్షరం పడిందంటే చెప్పి తీరాలనిపిస్తుంది. కానీ మనిషి ముఖం చూస్తున్నప్పుడు చెవిలో మాట పడితే కళ్లు పక్కకు పోతాయి. ఇప్పుడు నేను ముందు ముఖాలు చూస్తాను, తర్వాత అక్షరాలు చదువుతాను. రెండు మూడు మాటలు వదిలేసినా సరే. అవ్వ అడిగితే చెబుతాను. ఆమె ఎక్కువగా అడగదు.

జేకబ్, మోనికా కడుపు నింపుకునేది కోడిపిల్లల ఫ్యాక్టరీలో. పుట్టిన పిల్లను చేతిలో తిప్పి చూసి, ఆడదాన్ని ఒక డబ్బాలో, మగదాన్ని ఒక డబ్బాలో వెయ్యాలి. గుడ్లు పెట్టని మగపిల్లలు పొగ గొట్టం పాలు. నేను పని గురించి వివరిస్తుంటే అవ్వ వాళ్ల ముఖాలు చూడటమే మానేసి చేతులు చూసింది. “ఈమె కొత్తది. ఆయన చెయ్యి చూడు, కన్నుతోటి పని లేదు” అన్నది. నిజమే, జేకబ్ పదేళ్లుగా ఆ పనిలో ఉన్నాడు. మోనికాకు ఇంకా వేగం రాలేదు, ఇంటి దగ్గర కూడా సాధన చేస్తుంటుంది. అవ్వకు ఆ సంగతి చేతులే చెప్పాయి. భీమండిలో నాయిన సాంచల మీద పన్నెండు గంటల పాళీ చేసేవాడు, అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. కట్టకు 25. వెయ్యి లెక్కన కూలి. మాట్లాడుతూ, మమ్మల్ని తిడుతూ, పొయ్యి మీద అన్నం చూస్తూ చుట్టేది. ఆ చేతులకు కన్ను అవసరం ఉండేది కాదు.

ఈ పని చేస్తూ నేను తరచుగా తలచుకునేది కూనపులోళ్లను. మా సాలోళ్ల ఇండ్లకు మార్కండేయుని కథ, భావనారుషి కథ చెప్పడానికి పటం పట్టుకుని వస్తారు వాళ్లు. పటం చేర్యాల నకాషీలు గీసింది. జఫర్‌గఢ్, చేర్యాల రెండూ 2016 దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు మాది జనగామ జిల్లా, వాళ్లది సిద్దిపేట జిల్లా. బట్టకు గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్ర రంగు నేల మీద బొమ్మలు వేస్తారు. చుట్ట విప్పుకుంటూ పోతే ఒక్కో వరసా బయటికి వస్తుంది. చిన్నప్పుడు సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒకసారి ముందు వరసలో కూచుని చూశాను. కథకుడు పుల్లతో బొమ్మను చూపిస్తాడు, పాడతాడు, ఒక చోట మాత్రం పుల్ల దించి ఊరుకుంటాడు. జనం బొమ్మ వైపు ఒంగుతారు. తర్వాత మళ్లీ అందుకుంటాడు. కొరియాలో, జపాన్‌లో మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాళ్లు ఉండేవారు. జపాన్‌లో బెన్షీ అనేవాళ్లు. కొందరికి హీరోలకున్నంత పేరు. మనకు అంతకంటే ముందే, బొమ్మ కదలక ముందే ఆ పని ఉంది. నేను అవ్వ పక్కన చేసేది దానికి చిన్న తమ్ముడి లాంటిది. పుల్ల దించడం ఆ పటం కథకుడి దగ్గరే నేర్చుకోవాల్సింది, నాకు ఆలస్యంగా తెలిసింది.

అమెరికాకు పోయిన తెలుగింటి కథను జంధ్యాల 1987లోనే ‘పడమటి సంధ్యారాగం’గా అమెరికాలో తీశారు. గల్ఫ్‌కు పోయినవాళ్ల మీద 2017లో పి. సునీల్ కుమార్ రెడ్డి ‘గల్ఫ్’ తీశారు. భీమండి, సూరత్, షోలాపూర్ ఖోలీల్లో మూడు తరాలు గడిపిన సాలోళ్ల ఇంటికి కూడా ఒక సినిమా రావాలి. బీడీ చాట, సాంచల మోత, ఇంట్లో సగం తెలుగు, బయట సగం హిందీ, అన్నీ ఉన్నదున్నట్టు. ఎవరన్నా తీస్తే నేను అవ్వకు ఏమీ చెప్పనక్కర్లేకుండా పక్కన ఊరికే కూచుంటాను. అంత సుఖం ఎన్నడు దొరుకుతుందో.

చెప్పడానికి నేను నిజంగా భయపడ్డది ఒక్క దృశ్యానికే. ఆస్పత్రిలో డేవిడ్ గుండె బాగవుతోందని చెబుతారు, జేకబ్‌కు కూరగాయలు కొనేవాడు దొరుకుతాడు, అన్నీ కలిసొచ్చిన ఆ పూటనే ఆలుమగలు బండి దగ్గర నిలబడి విడిపోయే మాట మాట్లాడుకుంటారు. నాయిన కూడా పాళీ కూలి చాలనుకోక, అప్పు చేసి నాలుగు పాత సాంచలు కొన్నాడు. రెండేళ్లు తిరగకుండానే వాటిని తుక్కు కింద అమ్మాల్సి వచ్చింది. ఆ రెండేళ్లు మా ఖోలీలో ఇటువంటి మాటలు నేను దుప్పటి కింద నుంచి విన్నాను. ఇప్పుడు అవే మాటలు అవ్వ చెవిలో నేనే పలకాలి. మోనికా మాటకు మీరు అనాలా, నువ్వు అనాలా అని తడబడ్డాను. కొరియన్‌లో మాట చివరనే మర్యాద తెలుస్తుంది, ఇంగ్లీషు అక్షరాల్లో అదీ లేదు. చివరికి నువ్వు అన్నాను, అవ్వ నాయినతో అన్నట్టే. నీ మీద నాకు నమ్మకం పోయింది అంటుంది మోనికా. ఏ మాటా మెత్తగా చేయకుండా చెప్పాను. అవ్వ కాసేపు మాట్లాడలేదు. “ఆమె అన్నది నిజమే. ఆయనది గూడ తప్పు లేదు” అన్నది.

తర్వాత మంట. పక్షవాతం వచ్చిన ముసలామె చెత్త కాలబెట్టబోతే నిప్పు కొట్టానికి అంటుకుని పంటంతా బూడిదవుతుంది. అక్కడ నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. తలవంచుకుని ఎటో నడిచిపోతున్న అమ్మమ్మ కోసం, ఎన్నడూ పరుగెత్తకూడని పిల్లవాడు పరుగెత్తుతాడు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ నేల మీద ఒక్క చోట పడుకుని నిద్రపోతుంటే, ముసలామె కుర్చీలో కూచుని వాళ్లనే చూస్తుంటుంది. మాటలు లేవు, అడుగున అక్షరాలూ లేవు.

“ఆమె ఎందుకు పండుకోలే?” అని అడిగాను. ప్రశ్న ఆమె అడగాల్సింది, నేను అడిగాను.

“కావలున్నది” అన్నది అవ్వ.

జేకబ్ నీళ్ల కోసం తిప్పలు పడ్డ దృశ్యాలు మా అవ్వకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పంగలకర్ర పట్టుకుని నీళ్లు చూసేవాణ్ని వద్దంటాడు, తెలివితో తానే బావి తవ్వుకుంటాడు, అది కొన్నాళ్లకు ఎండుతుంది. జనగామ ప్రాంతంలో బోర్లు ఎండిన రైతు ఇంటి కథ ఎవరికి తెలియదు? చివరన కర్ర పట్టేవాణ్ని పిలిపించి, అతను చూపిన చోట జేకబ్ రాయి పెడతాడు. మా దగ్గర కొబ్బరికాయ పట్టుకుంటారు, అదొక్కటే తేడా. ఆ వెంటనే తండ్రీ కొడుకులు వాగు ఒడ్డుకు పోతారు. ముసలామె కొరియా నుంచి తెచ్చి చల్లిన మినారి గింజలు అక్కడ ఎవరూ నీళ్లు పెట్టకుండా, ఎవరూ చూడకుండా గుబురుగా పెరిగి ఉంటాయి. మినారి నీటి ఒడ్డున పెరిగే ఆకుకూర. కొత్తిమీర కుటుంబంలోది. దానికి తెలుగు పేరేమని చెప్పను? తెర మీద ఆ ఆకు చూసిన అవ్వే తేల్చింది. “పొన్నగంటి కూర తీర్గున్నది. చెరువు కట్ట పొంటి ఉంటది, ఎవలన్న తెంపుకోవచ్చు.” రెండూ వేరు మొక్కలే. అయినా నేను దిద్దలేదు. నీళ్లున్న చోట తనంత తాను పెరిగి, ఉన్నోడికీ లేనోడికీ ఒకటే అయిన ఆకు అని సినిమాలో ముసలామె చెప్పింది సరిగ్గా అదే.

మరుసటి రోజు పొద్దున నేను వరంగల్ పోవడానికి చెప్పులు తొడుక్కుంటున్నాను. ఎదురుగా గుట్ట మీద కోట గోడకు ఎండ పడింది. అవ్వ గడప మీద కూచుని నిజంగానే పొన్నగంటి ఆకు తుంచుతూ, ఎదురింటి చిన్నమ్మకు రాత్రి సినిమా చెబుతోంది. సంచిలో కారం తెచ్చిన దగ్గర మొదలుపెట్టింది. మంట దగ్గర చేతులు ఆపి కొంతసేపు ఊరుకుంది, చిన్నమ్మ ముందుకు ఒంగింది, మళ్లీ అందుకుంది. బావి ఎండిన సంగతి నేను చెప్పినదానికంటే వివరంగా చెప్పింది.

“ఏ భాష సినిమా అక్కా?” అని అడిగింది చిన్నమ్మ.

అవ్వ ఆకు పక్కన పెట్టి ఆలోచించింది. “పెద్దోళ్లది వాళ్ల దేశం భాష” అన్నది. “పోరలు మాత్రం హిందీల మాట్లాడుకుంటరు.”